ఉప్పునీళ్లకి కొత్త: ఒడ్డు దగ్గర గాలం వేటకి ఏ పడవ తీసుకోవాలి?

కొత్తరేవు:

అందరికీ నమస్కారమండి. ఇప్పటిదాకా రిజర్వాయర్లలోనే గాలం వేట. ఇప్పుడు సముద్రం పక్కకి మారాం. ఇక్కడి నీళ్లు నాకు పూర్తిగా కొత్త.

వేట ఎలా ఉంటుందంటే, మామూలుగా ఇద్దరం, అప్పుడప్పుడు ముగ్గురం. ఎక్కువగా ఉప్పుటేటి పాయల్లో, మడచెట్ల అంచున, గడ్డి పెరిగిన లోతు తక్కువ మేటల మీద ఎర విసరడం. వాతావరణం బాగున్న రోజు మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాటి రెండు మూడు కిలోమీటర్లు బయటికి. రాత్రి వేట లేదు. బ్రేకులున్న ట్రైలర్ అయితే మా కారు 1200 కిలోల దాకా లాగుతుంది.

చేతిలో ఉన్నది 14 అడుగుల అల్యూమినియం పడవ. అడుగు బల్లపరుపు, వెనక తగిలించే 15 హెచ్‌పీ ఔట్‌బోర్డ్ ఇంజన్. కొత్తగా చూస్తున్నవి మూడు: 16 అడుగుల ఫ్లాట్స్ స్కిఫ్ (బాగా లోతు తక్కువ నీళ్ల కోసం చేసేది), 17 అడుగుల వీ-అడుగు సెంటర్ కన్సోల్ (స్టీరింగు పడవ మధ్యలో ఉండేది), 115 హెచ్‌పీతో 18 అడుగుల బే బోటు (పాయలకీ, బయటి సముద్రానికీ మధ్యరకం). కేటలాగులు తిరగేస్తే ప్రతిదీ మోకాలి లోతులోనూ తిరుగుతుందని, అలల్నీ తట్టుకుంటుందని రాశారు. రెండూ నిజమైతే ఇన్ని రకాల పడవలు ఎందుకున్నాయో అర్థం కావడం లేదు. దేన్ని బట్టి తేల్చుకోవాలి? ఉన్న పడవతోనే గడుస్తుందా?

పోటుపాటు:

పడవల జాబితా ఒక నెల పక్కన పెట్టండి. ముందు నీళ్లని కొలవండి. మీరు తిరగబోయే చోటు కొలతలు చేతికొస్తే నాలుగింటిలో రెండు వాటంతటవే తప్పుకుంటాయి.

మొదట వెళ్లాల్సింది రేవు ర్యాంపుకి. అది కూడా అమావాస్య గానీ పౌర్ణమి గానీ అయిన ఒకటి రెండు రోజులకి, ఆటు పూర్తిగా తగ్గిన వేళకి. అప్పుడే ఆ చోటు అసలు రూపం కనబడుతుంది. పోటు మీద వెళ్తే ఏ ర్యాంపైనా బాగానే ఉంటుంది. రెండు మీటర్ల కర్రకి పది సెంటీమీటర్లకో గీత పెట్టుకుని, కాంక్రీటు ఎక్కడ ఆగిపోయిందో పొడిచి చూడండి. చాలా ర్యాంపుల చివర గుంట ఉంటుంది. పడవని ఇంజన్ జోరుతో ట్రైలర్ మీదికి ఎక్కించేవాళ్ల ప్రొపెల్లర్ తోసిన నీళ్లు అక్కడి ఇసుకని తవ్వేస్తాయి. ట్రైలర్ చక్రం ఆ అంచు దాటి దిగిందంటే ఇరుసు కాంక్రీటుకి తగులుకుంటుంది, కారుతో లాగినా రాదు. పడవ ఎంత బరువుంటే ట్రైలర్‌ని అంత లోపలికి దింపాలి కాబట్టి, ఆ అంచు దగ్గర ఆటు వేళ నీళ్లు ఎంతున్నాయన్నది పడవ ఎంపికలో మొదటి అంకె.

అదే కర్రతో పాయలో అడుగు ఎలాంటిదో చూడండి. కర్ర మెత్తగా దిగి, లాగితే పట్టేస్తే బురద. గరగరమని ఆగితే ఇసుక. టక్‌మని తగిలి చేతికి జిల్లుమంటే రాయో, ఆల్చిప్పల గుట్టో. ఆల్చిప్ప అంచు ఫైబర్ పైపూతని బ్లేడులా చీరుస్తుంది. అలాంటి చోట తిరగాలంటే అల్యూమినియం అడుగే ఓర్చుకుంటుంది.

రెండోది పోటు లెక్క. నాటికల్ చార్టులో కనిపించే లోతు మామూలు రోజు లోతు కాదు. నీళ్లు బాగా తగ్గినప్పుడు ఉండే మట్టం నుంచి కొలిచినది. ఆ రోజు పోటు పట్టికలో ఉన్న ఎత్తుని దానికి కలిపితేనే అప్పటి లోతు. ఆటు నుంచి పోటుకి సుమారు ఆరు గంటలు పడుతుంది గానీ నీళ్లు సమానంగా పెరగవు. మొత్తం పెరుగుదలని పన్నెండు వాటాలు చేస్తే మొదటి గంటలో ఒకటి, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, ఐదులో రెండు, ఆరులో ఒకటి. తగ్గేటప్పుడూ ఇదే వరస. అంటే మధ్య రెండు గంటల్లోనే సగం నీళ్లు పోతాయి. రిజర్వాయర్ అలవాటున్నవాళ్లు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. మేట మీద చేప బాగా పడుతోందని ఇంకో ముప్పావు గంట ఉంటే, పడవ అక్కడే కూర్చుండిపోతుంది. మళ్లీ తేలాలంటే నాలుగైదు గంటలు ఆగాలి. గుండ్రంగా నేల చుట్టేసిన పాయల్లోనూ, ఒకే సన్నటి ముఖమున్న మడుగుల్లోనూ ఈ వరస కొంచెం తేడాగా నడుస్తుంది. అక్కడ ఒక కర్ర పాతి గంట గంటకీ గీత చూసి రాసుకోవడమే సరైన పద్ధతి.

మూడోది గాలి. మీ ఏరియాలో మధ్యాహ్నం గాలి ఏ వైపు నుంచి లేస్తుందో, ఆ వైపు గాలికి అడ్డం లేకుండా నీళ్లు ఎన్ని కిలోమీటర్లు పరుచుకుని ఉన్నాయో మ్యాపులో చూడండి. అర కిలోమీటరు పాయలో గాలి ఎంత కొట్టినా అల పెద్దగా లేవదు. ఏడెనిమిది కిలోమీటర్ల వెడల్పున్న లోతు తక్కువ సరస్సులో అదే గాలికి పొట్టిగా, నిట్టనిలువుగా, ఒకదాని వెనక ఒకటి అలలు లేస్తాయి. ఇక మొగ దగ్గర సముద్రం నుంచి లోపలికి గాలి, లోపల నుంచి బయటికి ఆటు నీళ్లు, రెండూ ఎదురుపడితే అర మీటరు అల కాస్తా చూస్తుండగానే మీటరు దాటి విరుగుతుంది. పొద్దున్న వెళ్లేటప్పుడు అద్దంలా ఉన్న మొగ, తిరుగు ప్రయాణంలో ఇలా ఉంటుంది. పడవ ఎంచుకోవాల్సింది ఆ తిరుగు ప్రయాణాన్ని బట్టే.

ఇవన్నీ కాగితం మీద పెట్టి మళ్లీ రాయండి. దారిలో తక్కువ ఎత్తు వంతెన ఏదైనా ఉంటే పోటు వేళ దాని కింద ఎంత ఖాళీ మిగులుతుందో కూడా రాయండి. టీ-టాప్ (స్టీరింగు మీద నిలబెట్టిన కప్పు) ఉన్న పడవలకి అదొక తలనొప్పి.

అడుగుబల్ల:

కేటలాగులో "నీట మునక 25 సెంటీమీటర్లు" అని ఉంటుంది కదా, ఆ అంకె ఎలా వస్తుందో చెప్తాను. అది చాలాసార్లు ఖాళీ పడవది. ఇంజన్ పూర్తిగా పైకి లేపి, మనుషులు లేకుండా, ట్యాంకు నిండకుండా.

మీ లెక్క మీరే వేసుకోవచ్చు. 17 అడుగుల పడవ నీటి మట్టం దగ్గర సుమారు నాలుగున్నర మీటర్ల పొడవు, 1.6 మీటర్ల వెడల్పు ఉందనుకుందాం. ముక్కు సన్నం కాబట్టి 0.85తో గుణిస్తే 6.1 చదరపు మీటర్లు. ఉప్పునీళ్లు లీటరుకి 1.025 కిలోలు. కాబట్టి ఈ పడవ ఒక సెంటీమీటరు దిగాలంటే సుమారు 63 కిలోలు ఎక్కించాలి. ముగ్గురు మనుషులు 240, ఎనభై లీటర్ల పెట్రోలు 60, రెండు బ్యాటరీలు 50, ఐసు పెట్టె, లంగరు, సామాను 60, మొత్తం 410 కిలోలు. ఆరున్నర సెంటీమీటర్లు. అదీ బరువంతా సమంగా పరిస్తే. ముగ్గురూ వెనక చేరితే వెనక భాగం ఇంకా దిగుతుంది. మీ 25 కాస్తా 32 దగ్గర తేలుతుంది.

ఇంజన్ దించితే లెక్క వేరు. ప్రొపెల్లర్ పైన ఉండే అడ్డ రేకు నుంచి కింద స్కెగ్ (ప్రొపెల్లర్ కింద ఉండే రెక్క) కొన దాకా 60 హెచ్‌పీ ఇంజన్‌కి దాదాపు 40 సెంటీమీటర్లు. రేకు పడవ అడుగుకి సమానంగా ఉంటే, మునక 32 ఉన్న పడవకి నేల తగలకుండా 72 కావాలి. ఇంజన్ కొంచెం లేపి నెమ్మదిగా పోతే యాభై ఐదులో గట్టెక్కొచ్చు. ఆగి ఉన్న పడవ లేచి పరుగందుకునే ముందు వెనక భాగం గొంతుకూర్చున్నట్టు దిగుతుంది. అందుకే 30 సెంటీమీటర్లలో తేలగలిగిన పడవకి కూడా లేవడానికి 60, 70 కావాలి. అక్కడే గ్యాసు (యాక్సిలరేటర్) పెంచితే గడ్డి వేళ్లతో సహా లేచిపోతుంది. ఆ చార మళ్లీ గడ్డితో మూసుకోవడానికి ఏళ్లు పడుతుంది, చేప పిల్లలు పెరిగేది ఆ గడ్డిలోనే. దయచేసి లోతున్న పాయలోకి గడతో తోసుకుని వచ్చాకే ఇంజన్ జోరు పెంచండి.

ఇక అడుగు ఆకారం. వెనక పలక దగ్గర అడుగు ఎన్ని డిగ్రీల వాలుతో ఉందో అడగండి, దాన్నే డెడ్‌రైజ్ అంటారు. స్కిఫ్‌లకి సున్నా నుంచి పది, బే బోట్లకి సుమారు 14 నుంచి 18, బయటి సముద్రం పడవలకి 20 నుంచి 24. వాలు పెరిగితే అలని కోసుకుపోతుంది. తగ్గితే నీళ్లు తక్కువ చాలు, ఆగి ఉన్నప్పుడు కుదురుగా ఉంటుంది, కానీ అల మీద పలకతో కొట్టినట్టు పడుతుంది. ఈ రెండిట్లో ఒకటి వదులుకోవాల్సిందే. మీరు అడిగిన "ఇన్ని రకాలు ఎందుకు" అన్నదానికి జవాబు ఇదే.

వాలు ఒక్కటే చూడొద్దు. ముక్కు దగ్గర అడుగు పదునుగా మొదలై వెనక్కి వచ్చేసరికి 12, 14 డిగ్రీలకి పరుచుకునే పడవలు మీ పనికి బాగా సరిపోతాయి. పక్క అంచు ఎత్తు మీద కూడా చెయ్యి పెట్టి చూడండి. స్కిఫ్‌లో అంచు పిక్క దాటదు. గాలికి పడవ పక్కకి కొట్టుకుపోదు, ఎర విసరడానికి అడ్డం ఉండదు. మొగలో వెనక నుంచి అల వస్తే మాత్రం అదే అంచు మీదుగా నీళ్లు లోపలికి వస్తాయి. డెక్ నీటి మట్టం కంటే పైన ఉండి, పడిన నీళ్లు వాటంతటవే రంధ్రాల గుండా బయటికి పోయే పడవే కావాలి. ఆ రంధ్రాల్ని ముగ్గురు వెనక నిలబడ్డప్పుడు చూడండి, బయటి నీళ్లు వెనక్కి లోపలికి వస్తుంటే ఆ డెక్ ఎత్తు మీకు చాలదు.

ఇంకొకటి, ఎవరూ పెద్దగా చెప్పరు. ఆగి ఉన్నప్పుడు చిన్న చిన్న అలలు పక్క అంచు కింద టపటపమని కొట్టే చప్పుడు. లోతు తక్కువ నీళ్లలో ఆ చప్పుడుకే చేప జరుగుతుంది. కొనే ముందు పడవని గాలికి అడ్డంగా ఆపి, పది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా వినండి.

తెడ్డుగడ:

అడుగుబల్ల గారి లెక్కలతో ఒప్పుకుంటాను. బే బోటు గురించి మాత్రం ఇంకో మాట. కొత్త చోట అందరూ దాన్నే కొనమంటారు. మీ కారు దాన్ని లాగలేదు. 18 అడుగుల ఫైబర్ పడవ, ఇంజన్ లేకుండా, ఖాళీగానే ఏడు వందల కిలోల దగ్గర ఉంటుంది. 115 ఫోర్‌స్ట్రోక్ ఇంజన్ 165 పైన, ట్రైలర్ 350, పెట్రోలు, బ్యాటరీలు, సామాను కలిపి ఇంకో 200. అప్పుడే 1400 దాటింది. అదే 17 అడుగులది 500, 60 హెచ్‌పీ 115, ట్రైలర్ 250, మిగతావి 170 అనుకుంటే 1035. కొంచెం మిగులు ఉంటుంది. తడిసిన జారుడు ర్యాంపు మీద బరువు లాగేటప్పుడు ఆ మిగులు చాలా అవసరం.

అల్యూమినియం గురించి అడిగారు కాబట్టి వివరంగా. ఉప్పునీళ్లకి 5052, 5083 లాంటి సముద్రపు రకం రేకు కావాలి, రివెట్ల కంటే వెల్డింగ్ పడవ మేలు. అల మీద ఏళ్ల తరబడి కొట్టుకుంటే రివెట్లు వదులై చెమ్మ పడతాయి. తేలిక కాబట్టి లాగడం సులువు, కానీ అదే తేలికదనం వల్ల గాలికి తొందరగా జరుగుతుంది, వేట వేళ పడవని చోటున నిలపడానికి ముక్కున పెట్టే ఎలక్ట్రిక్ మోటార్ ఎక్కువ పని చెయ్యాలి.

దాన్ని చంపేవి ఉప్పు కంటే పక్కన ఉన్న వేరే లోహాలు. రాగి ఉన్న నాచు నిరోధక రంగు అల్యూమినియం అడుగుకి వెయ్యొద్దు. రాగి తీగ ముక్క, సీసపు గుండు, నాణెం లాంటిది డెక్ కింద తడిలో పడి ఉంటే కొన్ని నెలల్లో ఆ చోట రేకుకి చిల్లి పడుతుంది. స్టీలు స్క్రూ ఎక్కడ బిగించినా మధ్యలో ప్లాస్టిక్ వాషరో, తుప్పు అడ్డుకునే పేస్టో ఉండాలి. కరెంటు తీగల నెగెటివ్‌ని పడవ రేకుకి కలపకూడదు, ప్రతి వస్తువుకీ రెండు తీగలూ బ్యాటరీ దాకా వెళ్లాలి. ట్రైలర్ మీద పడవ ఆనే చెక్కలకి రాగి రసాయనం పట్టించి ఉంటే, కార్పెట్ తడిసినప్పుడల్లా అది రేకుని తింటుంది. పడవ దింపినప్పుడు అడుగున రెండు పొడుగాటి గరుకు చారలు కనబడితే కారణం చాలాసార్లు ఇదే.

మీ 14 అడుగుల పడవ అమ్మొద్దు. గాలి లేని పొద్దుటి పూట పాయల్లోకి అంతకంటే మంచి పడవ లేదు. వెడల్పు సరస్సు మీదికి, మొగ బయటికి మాత్రం దాన్ని తీసుకెళ్లకండి. బల్లపరుపు అడుగు, ముక్కు ఎత్తు లేదు, అల మీద నుంచి దిగేటప్పుడు ముక్కు నీళ్లలోకి గుచ్చుకుంటుంది.

కొత్తరేవు:

అందరికీ కృతజ్ఞతలండి. కర్ర పట్టుకుని తిరిగాను. లెక్కలు ఇవి. అమావాస్యకి ఆటు పోటుల తేడా 2.4 మీటర్లు. ర్యాంపు చివర గుంట ఉంది, ఆటు వేళ అంచు మీద 35 సెంటీమీటర్లే. మొగలో పూర్తి ఆటుకి 60 సెంటీమీటర్లు, అడుగు ఇసుక. పాయల్లో బురద, ఒకటి రెండు చోట్ల ఆల్చిప్పలు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక సరస్సు మీద 40, 50 సెంటీమీటర్ల పొట్టి అలలు. వంతెన లేదు.

బే బోటు పక్కన పెట్టేశాను. వాడిన 17 అడుగుల ఫైబర్ సెంటర్ కన్సోల్ ఒకటి చూశాను. వెనక 13 డిగ్రీల వాలు, 60 హెచ్‌పీ ఫోర్‌స్ట్రోక్, డెక్ కింద 80 లీటర్ల అల్యూమినియం ట్యాంకు. పైకి మెరుస్తోంది. లోపల ఏం చూడాలి? మొగ ఏ వేళకి దాటాలి?

పోటుపాటు:

మొగ సంగతి ముందు. 2.4 మీటర్లని పన్నెండు వాటాలు చేస్తే ఒక్కొక్కటి 20 సెంటీమీటర్లు. ఆటు ముగిసిన గంటకి 80, రెండు గంటలకి 120, మూడు గంటలకి 180. ఇంజన్ దించి మీకు కావాల్సింది 72. అల ఉంటే దాని ఎత్తులో సగం తీసెయ్యాలి, పడవ గుంటలోకి దిగేది అంతే. అర మీటరు అలకి 25 పోతే, రెండు గంటల తర్వాత మిగిలేది 95. కాబట్టి ఆటు తర్వాత రెండో గంట దాటాక వెళ్లండి, పోటు తర్వాత మూడో గంట లోపలే తిరిగి రండి. ఆ మూడో గంట నాటికి లోతు ఇంకా 180 ఉంటుంది, కానీ నీళ్లు అప్పుడే అన్నిటికంటే జోరుగా బయటికి లాగుతుంటాయి. సముద్రం నుంచి ఆ నీళ్లకి ఎదురుగా గాలి ఉంటే ఇంకా ముందే వచ్చేయాలి. అష్టమి రోజుల్లో తేడా బాగా తక్కువ, లెక్క మళ్లీ వేసుకోండి. ఇసుక మొగ వర్షాకాలం తర్వాత చోటు మారుతుంది కాబట్టి కొత్తగా కొలవాలి.

ర్యాంపు అంచు మీద 35 అంటే పూర్తి ఆటుకి ఆ ట్రైలర్ దింపొద్దు.

పాతచెక్క:

వాడిన ఫైబర్ పడవలో మెరుపు చూడకండి, బరువు చూడండి. ట్రైలర్‌తో సహా వేబ్రిడ్జి మీద తూయించండి. ఖాళీ పడవ, ఇంజన్, ట్రైలర్, పెట్రోలు లెక్క కలిపితే వచ్చే దానికంటే 100, 150 కిలోలు ఎక్కువ తూగిందంటే డెక్ కింద ఫోమ్ నీళ్లు పీల్చుకుందన్నమాట. పడవ మునగకుండా కాపాడాల్సింది ఆ ఫోమే. 1961లో బోస్టన్ వేలర్ అధినేత డిక్ ఫిషర్ తన పడవని నీళ్ల మీదే రెండు ముక్కలుగా కోయించి, తేలుతున్న ముక్క మీద కూర్చుని చూపించాడు. అది పొడి ఫోమ్ గొప్పదనం. తడిసిన ఫోమ్ ఆ పని చెయ్యదు, ఎండబెట్టడమూ కుదరదు, డెక్ కోసి తీయాల్సిందే.

తర్వాత వెనక పలక. చాలా పాత పడవల్లో ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది, అదే కుళ్లేది. ప్లాస్టిక్ సుత్తితో అంగుళం అంగుళం తడుతూ వెళ్లండి. గట్టి చోట టంగుమని పైకి ఎగురుతుంది, కుళ్లిన చోట ధబ్‌మని చచ్చిన శబ్దం. ఇంజన్ సగం పైకి లేపి, స్కెగ్ మీద మీ బరువు వేసి ఊపండి. రెండో మనిషి ఇంజన్ బ్రాకెట్ పలకకి ఆనే గీత దగ్గర కన్ను పెట్టాలి. అక్కడ వెంట్రుకవాసి కూడా తెరుచుకోకూడదు. ఇంకా అనుమానముంటే నీటి మట్టానికి కింద డెప్త్‌ఫైండర్ సెన్సర్ బిగించిన స్క్రూ ఒకటి విప్పమనండి. మరలో పట్టుకొచ్చిన పొడి లేత రంగులో ఎండుగా ఉంటే మంచిది. గోధుమరంగు ముద్దలా ఉండి, తడి ఆకు కుళ్లిన వాసన వస్తే బేరం అక్కడితో ఆపెయ్యండి. పలక మార్చడమంటే ఇంజన్ దించాలి, డెక్ మూత లేపాలి, నెలల పని.

డెక్ మీద మడమ మోపి నడవండి, ఎక్కడైనా మెత్తగా దిగితే కింద చెక్క పోయింది. పెట్రోలు ట్యాంకు మీద మూత తెరిచే ముందు గంటసేపు అన్నీ మూసి ఉంచండి, తెరవగానే వాసన కొడితే ట్యాంకో గొట్టమో కారుతోంది. అల్యూమినియం ట్యాంకుని ఫోమ్‌లో పాతిపెట్టి ఉంటే ఇంకా జాగ్రత్త, ఫోమ్‌కి రేకుకి మధ్య నిలిచిన ఉప్పునీళ్లు కనబడకుండా గుంటలు తినేస్తాయి.

ఇంజన్‌ని చల్లగా ఉన్నప్పుడే మీరు స్టార్ట్ చెయ్యాలి. అమ్మేవాళ్లు ముందే వేడి చేసి పెడితే స్టార్టింగు రోగాలు దాక్కుంటాయి. కవరు తీసి చూస్తే తెల్లటి ఉప్పు గీతలు ఎక్కడి నుంచి జారాయో తెలుస్తుంది, అది నీళ్లు కారే చోటు. కంప్రెషన్ చూపించుకోండి, సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటకూడదు. ఆయిల్ పుల్ల మీద మట్టం గీత కంటే పైన ఉండి పెట్రోలు వాసన వస్తే మంచిది కాదు. గేరు ఆయిల్ కింది స్క్రూ కొంచెం వదులు చేసి నాలుగు చుక్కలు వేలి మీద పట్టండి. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే సీలు దాటి నీళ్లు పోయాయి. తరచుగా దానికి కారణం ప్రొపెల్లర్ ఇరుసుకి చుట్టుకున్న గాలం దారం, ప్రొపెల్లర్ విప్పితే వాషరు వెనక ఉంగరంలా బిగుసుకుని కనిపిస్తుంది. ఇంజన్ వెనక చిమ్మే నీటి ధార సన్నంగా, తెగి తెగి వస్తుంటే ఇంపెల్లర్ (ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు తోడే రబ్బరు చక్రం) అయిపోయింది లేదా ఉప్పు పూడుకుంది. జింకు ముక్కలు (ఇంజన్ లోహానికి బదులు తామే కరిగిపోయేందుకు బిగించేవి) సగం కంటే తక్కువ మిగిలితే మార్చాలి. వాటికి రంగు వేసేసి ఉంటే అవి పని చెయ్యలేదు, అవి చెయ్యాల్సిన పని ఇంజన్ కాలు చేసింది.

నీళ్ల మీద పరీక్ష మీరు వేటకి వెళ్లే బరువుతోనే చెయ్యాలి. పూర్తి గ్యాసులో ఆర్‌పీఎం ఎంతో చూడండి. మాన్యువల్‌లో 5000 నుంచి 6000 అని ఉంటే, ముగ్గురితో 5500 పైన తిరగాలి. 4900 దగ్గర ఆగిపోతే ప్రొపెల్లర్ పిచ్ (ఒక చుట్టుకి ముందుకు పోవాల్సిన దూరం) ఎక్కువ. ఒక అంగుళం తగ్గిస్తే 150 నుంచి 200 పెరుగుతుంది. తిప్పేటప్పుడు ఇంజన్ ఒక్కసారిగా అరిచి పట్టు తప్పితే ఇంజన్‌ని ఎక్కువ ఎత్తులో బిగించారని. దానికి ముందు ఇంజన్ కాలు పొడవు వెనక పలక ఎత్తుకి సరిపోయిందో కొలవండి, 15, 20, 25 అంగుళాలు మామూలు కొలతలు.

తీగల్లో ఒకటి కోసి చూస్తే లోపల రాగి నల్లగా మాడినట్టుంటే మొత్తం మార్చాల్సి వస్తుంది. కలాయి పూసిన తీగ వెండి రంగులో ఉంటుంది, కావాల్సింది అదే. ట్రైలర్ చక్రం ఒక్కొక్కటీ జాకీ మీద లేపి తిప్పండి, గరగర వినిపిస్తే బేరింగులోకి ఉప్పునీళ్లు పోయాయి.

తెడ్డుగడ:

కొన్నాక కావాల్సినవి త్వరగా చెప్పేస్తాను. ఫోర్‌స్ట్రోక్ 60 హెచ్‌పీ పూర్తి గ్యాసులో గంటకి 22, 23 లీటర్లు తాగుతుంది, మధ్యస్థంగా పోతే అందులో సగం. వెళ్లడానికి మూడో వంతు, రావడానికి మూడో వంతు, మిగిలిన మూడో వంతు ముట్టుకోకూడదు. ట్యాంకుకీ ఇంజన్‌కీ మధ్య నీటిని వేరుచేసే 10 మైక్రాన్ల ఫిల్టర్ పెట్టండి.

లంగరు: 3 మీటర్ల లోతు, ముక్కు ఎత్తు 0.8, పెరగబోయే పోటు 2.4, కలిపితే 6.2 మీటర్లు. దానికి ఐదు రెట్లు అంటే 31 మీటర్ల తాడు వదలాలి, గాలి ఉంటే ఏడు రెట్లు. యాభై మీటర్లు పెట్టుకోండి, మొదట్లో నాలుగైదు మీటర్ల గొలుసు ఉండాలి, లేకపోతే ఇసుకలో లంగరు పడుకోక పైపైన జారుతుంది. ఇసుకకి, బురదకి వెడల్పు రెక్కల డాన్‌ఫోర్త్ రకం. లంగరు ఎప్పుడూ ముక్కుకే కట్టండి. అల వచ్చే చోట వెనక కడితే తాడు వెనక భాగాన్ని కిందికి లాగి, నీళ్లు ఇంజన్ మీదుగా లోపలికి వచ్చేస్తాయి.

ముక్కున ఎలక్ట్రిక్ మోటార్ పెట్టేటట్టయితే బరువెక్కిన పడవ వంద కిలోలకి సుమారు నాలుగున్నర పౌండ్ల తోపు లెక్క. మీ పడవ మనుషులతో కలిపి వెయ్యి కిలోలు దాటుతుంది, పైగా ఆటు లాగుడు ఉంది, కాబట్టి 12 వోల్టుల 55 చాలదు, 24 వోల్టుల 80 తీసుకోండి.

ఇంజన్ ఆపే తాడు మీ కాలికో జాకెట్‌కో తగిలించకుండా గేరు వెయ్యకండి. ముగ్గురికీ లైఫ్ జాకెట్లు ఒంటి మీదే ఉండాలి, మొగ దాటే రోజు వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానల్ (ఆపద పిలుపులది) మీద ఉంచాలి. పడవ అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జ్ పంపు తేలే స్విచ్‌ని ఫ్యూజు పెట్టి నేరుగా బ్యాటరీకి కలపండి. మెయిన్ స్విచ్ ఆపేసినా అది పని చెయ్యాలి.

వచ్చాక ఇంజన్‌లోకి పది నిమిషాలు మంచినీళ్లు, మాన్యువల్‌లో చెప్పిన పద్ధతిలోనే. ట్రైలర్ బ్రేకులు, స్ప్రింగులు కూడా కడగండి. వేడి మీదున్న బేరింగుల్ని నేరుగా నీళ్లలో దింపితే లోపలి గాలి ఒక్కసారి చల్లబడి కుంచించుకుని, సీలు పక్క నుంచి ఉప్పునీళ్లు పీల్చుకుంటుంది. ర్యాంపు దగ్గరికి రాగానే దింపకుండా పావుగంట ఆగండి. ఆ పావుగంటలో వెనక పలక కింద డ్రెయిన్ ప్లగ్ బిగించారో లేదో చేత్తో తిప్పి చూడండి.